అడగని వాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

(లెక్కలు - మనుషులు : 6)



ఫోన్ బిల్లు గురించో, గ్యాస్ బండ గురించో, ఆగిపోయిన స్కాలర్‌షిప్ గురించో ఏదో ఒక కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తాం. మాట్లాడటం అయిపోయాక రికార్డు చేసిన గొంతు ఒకటి వస్తుంది. మా సేవల మీద మీ అభిప్రాయం చెప్పండి, బాగుంటే 1 నొక్కండి, బాగాలేకపోతే 2 నొక్కండి అంటుంది. మనలో చాలామందిమి ఏమీ నొక్కం. ఫోన్ పెట్టేస్తాం. కొన్నాళ్లకి ఒక ప్రకటన కనపడుతుంది: "మా వినియోగదారుల్లో 90 శాతం మంది సంతృప్తిగా ఉన్నారు."

ఎవరిలో 90 శాతం? ఈ వారం ఈ ఒక్క ప్రశ్న గురించే రాస్తున్నాను.

ఇది మేనేజ్‌మెంట్ కోర్సుల వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మూడు కారణాల వల్ల ఇది మన గొడవే. ఒకటి, ఆ హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే వాళ్లలో మన పిల్లలున్నారు. నా దగ్గర డిగ్రీ చదివిన వాళ్లు ప్రతి ఏడాదీ కొంతమంది మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్తుంటారు. ఇంట్లో మొదటి జీతం వాళ్లదే. ఆ జీతంలో కొంత భాగం ఈ 1, 2 నొక్కుళ్ల మీద వేలాడుతుంటుంది. రెండు, ప్రభుత్వాలు కూడా ఇప్పుడు ఇదే పద్ధతిలో మనల్ని కొలుస్తున్నాయి. మూడు, కింద ఏ సంఖ్య పెట్టి భాగించాలి అనేది మన చరిత్రలో ఎప్పుడూ లెక్కల మాస్టారి సమస్య కాలేదు. అది రాజకీయ సమస్య.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. సర్వేకి పిలవడం రెండు మూడు రకాలుగా ఉంటుంది. కొన్ని చోట్ల కాల్ మొదట్లోనే "చివర్లో చిన్న సర్వేలో పాల్గొంటారా?" అని మిషన్ అడుగుతుంది. కొన్ని చోట్ల మాట్లాడటం అయిపోయాక ఏజెంటే "లైన్‌లో ఉండండి" అని చెప్పి సర్వేకి మళ్లిస్తారు. కొన్ని చోట్ల తర్వాత మెసేజ్‌లో లింకు వస్తుంది. ఏ రకమైనా ఒక్కో మెట్టు దగ్గర కొంతమంది జారిపోతుంటారు. కొందరికి పిలుపే అందదు. కొందరు పిలిస్తే వద్దంటారు. కొందరు అవుననరు, కాదనరు. కొందరు మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. ఇవన్నీ దాటుకుని చివరిదాకా వచ్చిన కొద్దిమందే మనకి "90 శాతం"గా కనపడతారు.

ఊరికే లెక్క కోసం ఇలా అనుకుందాం. ఒక రోజు వెయ్యి కాల్స్ వచ్చాయి. 350 కాల్స్‌లో ఫోన్ చేసిన మనిషే ముందు పెట్టేశాడు, పిలుపు వినపడనే లేదు. 250 కాల్స్‌ని ఏజెంట్లు సర్వేకి మళ్లించలేదు. మిగిలిన 400 మందికి పిలుపు వినపడింది. వాళ్లలో 240 మంది ఏమీ నొక్కలేదు. 60 మంది వద్దని నొక్కారు. 100 మంది సరే అన్నారు. ఆ వందలో 40 మంది మధ్యలో వదిలేశారు. 60 మంది పూర్తి చేశారు. ఆ 60లో 54 మంది బాగుందన్నారు.

54 బై 60 అంటే 90 శాతం. అబద్ధం కాదు. కానీ వెయ్యి మందిలో బాగుందని చెప్పింది 54 మంది. అంటే 5.4 శాతం. మిగతా 946 మందీ కోపంగా ఉన్నారని నేను అనడం లేదు. ఆరుగురు బాగాలేదని చెప్పారు. 940 మంది ఏమనుకుంటున్నారో మనకి తెలియదు. ఆ తెలియనితనాన్ని చెరిపేసి, దాని మీద 90 అని రాయడం గురించే నా పేచీ.

ఇంకో తమాషా చూడండి. ఇదే రోజుకి "రెస్పాన్స్ రేటు" ఎంత అని అడిగితే మూడు జవాబులు చెప్పొచ్చు. సరే అన్న వందలో పూర్తి చేసింది 60 మంది కాబట్టి 60 శాతం. పిలుపు విన్న 400లో చూస్తే 15 శాతం. వచ్చిన వెయ్యి కాల్స్‌లో చూస్తే 6 శాతం. మూడూ సరైన భాగహారాలే. మీటింగులో ఏది చూపించాలో మాత్రం పై కుర్చీలో కూర్చున్న వాళ్లు నిర్ణయిస్తారు.

ఈ గందరగోళం కొత్తదేమీ కాదు. అమెరికాలో అభిప్రాయ సేకరణ చేసేవాళ్ల సంఘం ఆపార్ దీనికోసమే ప్రామాణిక నిర్వచనాలు తయారుచేసి, వాటిని ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తోంది. పూర్తి చేసినవాళ్లు, సగంలో వదిలినవాళ్లు, నిరాకరించినవాళ్లు, అసలు దొరకనివాళ్లు, అర్హులో కాదో కూడా తెలియనివాళ్లు అని వేరువేరు గళ్లు పెట్టింది. ఏ రేటుని ఏ సంఖ్యతో భాగించాలో రాసిపెట్టింది. అంటే గళ్లు ఉన్నాయి. నింపే మనసే ఉండాలి.

నింపకపోతే ఏమవుతుందో 1936లోనే లోకం చూసింది. అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. అంత పెద్ద సర్వే అప్పటికి ఎవరూ ఎరగరు. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. పేర్లన్నీ ఎక్కువగా టెలిఫోన్, కార్ల జాబితాల నుంచి తీసుకున్నారు, ఆ కరువు కాలంలో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అయితే తప్పు జాబితాది మాత్రమే కాదని, బ్యాలెట్ అందినా తిరిగి పంపని వాళ్లు పంపిన వాళ్లకంటే భిన్నంగా ఆలోచించేవాళ్లని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఇరవై లక్షల మంది మాట్లాడినా, మాట్లాడని వాళ్లెవరో పట్టించుకోకపోతే అంకె బోర్లా పడుతుంది.

ఇప్పుడు హెడ్‌సెట్ వెనక ఉన్న మనిషి దగ్గరకి వద్దాం. 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. కంపెనీ ఎదగాలంటే ఒక్క అంకె చాలన్నాడు. మమ్మల్ని మీ స్నేహితులకి సిఫారసు చేస్తారా, సున్నా నుంచి పది దాకా చెప్పండి అని అడగాలి. 9, 10 ఇస్తే మనవాళ్లు. 7, 8 ఇస్తే అటూ ఇటూ కానివాళ్లు. 0 నుంచి 6 దాకా ఇస్తే వ్యతిరేకులు. మనవాళ్ల శాతంలోంచి వ్యతిరేకుల శాతం తీసేస్తే వచ్చేదే స్కోరు. మనం చదువుకున్న బళ్లో పదికి ఆరు వస్తే ఫస్ట్ క్లాసు. ఆరు ఇచ్చిన తాత "బాగానే మాట్లాడింది పిల్ల" అనుకుని ఇస్తాడు. ఆ పిల్ల ఖాతాలో అది వ్యతిరేక ఓటుగా పడుతుంది.

నా పాత విద్యార్థిని ఒకామె అలాంటి చోట తెలుగు లైన్‌లో పనిచేస్తుంది. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఆమె ఒక మాట చెప్పింది: "మేడం, కోపంగా ఉన్నవాళ్లని సర్వేకి పంపితే ఆ నెల ఇన్సెంటివ్ పోయినట్టే. నవ్వుతూ మాట్లాడిన వాళ్లని పంపుతాం. మిగతావాళ్లకి థాంక్యూ చెప్పి పెట్టేస్తాం. సూపర్‌వైజర్‌కీ తెలుసు." నా ఊహాలెక్కలో ఏజెంట్లు మళ్లించని 250 కాల్స్ ఎక్కడివో ఇప్పుడర్థమైంది కదా. కొలిచే కర్రని కొలవబడే మనిషి చేతికే ఇచ్చి, దాన్నిబట్టి కూలి కట్టిస్తామంటే ఎవరైనా అదే చేస్తారు. ఇందులో నేను ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆ పద్ధతి పెట్టినవాళ్లని తప్పుపడతాను.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. కొంతమంది మాట మధ్యలో "నీది ఏ ఊరు? ఇంటిపేరేంటి?" అని అడుగుతారట. యాస వినగానే గొంతు మార్చేవాళ్లూ ఉంటారట. ఇలాంటి మనుషుల చేతిలోనే ఆమె స్కోరు ఉంది. కులం అడిగినవాడు ఇచ్చిన సున్నాకీ, పని కానందుకు బాధపడి ఇచ్చిన సున్నాకీ కంప్యూటర్‌లో తేడా లేదు. సున్నా సున్నాయే. రిజర్వేషన్ దగ్గర మెరిట్ గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఈ మెరిట్ ఎలా తయారవుతుందో ఒకసారి చూడాలి.

మరి బాగుచేయడం కష్టమా? కాదు. సర్వేకి ఎవర్ని పిలవాలో ఏజెంట్ నిర్ణయించకూడదు, మిషన్ లాటరీ పద్ధతిలో ఎంచుకోవాలి. మొదట్లోనే సరే అన్న మనిషెవరో ఏజెంట్ తెరమీద కనపడకూడదు. ప్రతి కాల్‌కీ ఒక ముద్ర పడాలి: పిలవలేదు, పిలిచాం వద్దన్నారు, పిలిచాం పలకలేదు, మధ్యలో వదిలారు, పూర్తి చేశారు. ఆ ముద్రల్ని ఏజెంట్ వారీగా, వేళల వారీగా, భాష వారీగా, సమస్య వారీగా పక్కపక్కన పెట్టి చూడాలి. హిందీ లైన్‌లో సగం మంది పలుకుతూ తెలుగు లైన్‌లో ఎవరూ పలకకపోతే, ఆ తెలుగు రికార్డింగ్ ఎవరికీ అర్థం కాని తెలుగేమో వెతకాలి. "మీ యొక్క అమూల్యమైన అభిప్రాయమును నమోదు చేయుటకు" అంటే మా అమ్మ కూడా ఫోన్ పెట్టేస్తుంది. చివరగా, పలకని వాళ్లలోంచి కొద్దిమందికి ఒక మనిషి ఫోన్ చేసి, వాళ్ల మాటలోనే అడగాలి. అడక్కుండానే తెలిసేవి కూడా ఉన్నాయి. అదే నంబర్ నుంచి, అదే సమస్య మీద వారంలో మళ్లీ ఫోన్ వచ్చిందంటే మొదటిసారి పని కాలేదని అర్థం. దానికి సర్వే దేనికి?

ఇక్కడిదాకా కంపెనీల సంగతి. అసలు ప్రమాదం ప్రభుత్వం ఇదే కర్ర పట్టుకున్నప్పుడు మొదలవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పింఛను అందిందా, రేషన్ అందిందా అని ఐవీఆర్‌ఎస్ కాల్స్ రావడం మనకి కొత్త కాదు. కేంద్రంలో ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌కి 2022 జూలైలో ఒక ఫీడ్‌బ్యాక్ కాల్ సెంటర్ పెట్టారు. ఫిర్యాదు మూసేశాక ఫోన్ చేసి పరిష్కారం ఎలా ఉందని అడుగుతారు, బాగాలేదంటే అప్పీలు చేసుకునే వీలుంది. మంచి ఏర్పాటే. కానీ ఫోన్ ఎత్తనివాళ్ల ఫిర్యాదు ఏ గడిలోకి పోతుంది?

ఇంకా దగ్గరకి రండి. 2021 డిసెంబర్‌లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ అత్యాచారాల నిరోధానికి జాతీయ హెల్ప్‌లైన్ పెట్టింది. నంబర్ 14566. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 సరిగ్గా అమలు కావడం కోసం. ప్రతి ఫిర్యాదుకీ ఒక డాకెట్ నంబర్ ఇస్తామని, ఫీడ్‌బ్యాక్ వ్యవస్థ కూడా ఉంటుందని అప్పుడే చెప్పారు. ఈ నంబర్ మీ ఫోన్‌లో లేకపోతే ఇప్పుడే దాచుకోండి, తర్వాత చదవొచ్చు.

ఇప్పుడు ఊహించండి. గూడెం మీద దాడి జరిగింది. ఒకామె 14566కి ఫోన్ చేసింది. పదిరోజుల తర్వాత ఆమెకి ఫోన్ వస్తే ఆమె ఎక్కడుంటుంది? కొట్టినవాళ్ల పొలంలోనే కూలికి వెళ్లి ఉండొచ్చు. రాజీ పడమని పెద్దమనుషులు ఇంటి ముందు కూర్చుని ఉండొచ్చు. ఫోన్ కొడుకు పట్టుకుని హైదరాబాద్ పోయి ఉండొచ్చు. ఆమె ఎత్తకపోవడం, ఎత్తి "ఏం లేదులే సారూ" అని పెట్టేయడం - ఇవి సంతృప్తి కాదు. చాలాసార్లు అవే కేసుకి సాక్ష్యం. 2015 సవరణతో ఈ చట్టంలో బాధితులకీ సాక్షులకీ హక్కులంటూ 15ఎ సెక్షన్ వచ్చింది. బెదిరింపుల నుంచి రక్షణ, కేసు ఏ దశలో ఉందో తెలుసుకునే హక్కు అందులో ఉన్నాయి. ఆ వెలుగులో చూస్తే, జవాబు రాని ఫీడ్‌బ్యాక్ కాల్ అంటే ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిన ఇల్లు.

మౌనం అర్ధాంగీకారం అని మన భాషలో ఒక సామెత. సాహిత్యం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి సామెతల మీద నాకు కొంచెం అనుమానం ఎక్కువ. ప్రతి సామెతకీ ఒక చిరునామా ఉంటుంది. రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు "ఏమంటార్రా?" అని అడిగితే, దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డ మన తాతలు పలకలేదు. దాన్ని ఒప్పుకోలు అని రాసుకున్నారు. రచ్చబండ మీద కూర్చున్నవాళ్లకే ఈ సామెత పనికొచ్చింది. ఇవాళ అదే సామెత సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కింది.

దీన్ని అంబేడ్కర్ చాలా ముందే పట్టుకున్నారు. ఆయన రచనల్లో 'ఫ్రమ్ మిలియన్స్ టు ఫ్రాక్షన్స్' అని ఒక వ్యాసం ఉంది. విద్యార్థులు తప్పకుండా చదవాలి. అంటరానివాళ్లు ఇన్ని కోట్లమంది ఉన్నారంటే అంతకుముందు పెద్దగా అభ్యంతరపెట్టని వాళ్లు, 1932లో లోథియన్ కమిటీ ఓటుహక్కు సంగతి తేల్చడానికి వచ్చేసరికి మా రాష్ట్రంలో అంటరానివాళ్లే లేరు, ఉన్నా బహు కొద్దిమంది అని వాదించారు. ఎందుకంటే అప్పటికి వాళ్లకి అర్థమైంది: సంఖ్యని బట్టే సీట్లు వస్తాయని. కోట్లమంది రాత్రికి రాత్రి ముక్కలైపోయారు. ఎవరూ చావలేదు. లెక్కించే పద్ధతి మారింది, అంతే.

రాకపోయిన జవాబుల్ని లెక్కించడం కుదరదు అంటారా? తెలంగాణలో కుదిరింది. 2024 నవంబర్‌లో మొదలైన కులసర్వేలో 96.9 శాతం కుటుంబాల వివరాలు వచ్చాయని, 3.1 శాతం రాలేదని ప్రభుత్వమే ప్రకటించింది. రానివాళ్ల కోసం 2025 ఫిబ్రవరి రెండో సగంలో మళ్లీ అవకాశం ఇచ్చింది, ఫోన్ చేస్తే ఎన్యూమరేటర్ ఇంటికి వస్తాడని చెప్పింది. ఆ సర్వే మీద ఎవరి విమర్శలు వాళ్లకి ఉండనివ్వండి. నేను చూపించేది ఒక్కటే. మిగిలిపోయింది ఎంతో చెప్పొచ్చు. వాళ్ల దగ్గరకి మళ్లీ వెళ్లొచ్చు. బీసీల లెక్క దగ్గర 3.1 శాతం గురించి అంత రగడ జరిగింది కదా. కస్టమర్ సంతృప్తి దగ్గర 94 శాతం మాయమైతే చప్పట్లు కొడుతున్నాం.

మన కాలేజీల్లోనూ ఇదే. 2017లో మార్చిన పద్ధతిలో నాక్ ఒక విద్యార్థి సంతృప్తి సర్వే పెట్టింది. కాలేజీకైతే మొత్తం విద్యార్థుల్లో 10 శాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అన్ని జవాబులు వస్తే చాలంది. ఈమెయిల్‌కి లింకు వచ్చేది. మొదటి తరం చదువుల పిల్లల ఈమెయిల్ ఎవరు చేశారు? అడ్మిషన్ రోజు నెట్ సెంటర్ అన్న. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? ఆ అన్నకే. ఆ వందమందిలో హాస్టల్ పిల్లలు ఎంతమందో, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక హాల్ టికెట్ ఆగిపోయిన పిల్లలు ఎంతమందో ఆ స్కోరులో కనపడదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పలకనివాళ్లని లెక్కపెట్టమంటున్నాను, వెంటపడమనడం లేదు. జవాబు చెప్పకపోవడం మనిషి హక్కు. వద్దన్నవాళ్ల పేర్లు, నంబర్లు జాబితా కట్టి రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తే అది వేధింపు. అత్యాచార బాధితుల విషయంలో అది ప్రాణం మీదకి కూడా రావచ్చు. సంఖ్య బయటపెట్టాలి, పేరు దాచాలి. కంపెనీలూ ఆఫీసులూ ఇప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి చేస్తున్నాయి.

ఇక పని. విద్యార్థి సంఘాల మిత్రులకి ఒక ప్రతిపాదన. సమాచార హక్కు చట్టం మన చేతిలో 2005 నుంచి ఉంది. కేంద్ర శాఖకి పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనే. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ అక్కర్లేదు. జవాబుకి గడువు 30 రోజులు. 14566 గురించి ఈ ఆరు ప్రశ్నలు అడుగుదాం:

1. మన రెండు రాష్ట్రాల నుంచి ఏడాదివారీగా ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్నింటికి డాకెట్ నంబర్ ఇచ్చారు?
2. వాటిలో ఎంతమందికి ఫీడ్‌బ్యాక్ కోసం తిరిగి ఫోన్ చేశారు?
3. ఎంతమంది ఎత్తలేదు, ఎంతమంది వద్దన్నారు, ఎంతమంది పూర్తిగా చెప్పారు?
4. ఎత్తనివాళ్లకి మళ్లీ ఎన్నిసార్లు, ఏ వేళల్లో, ఏ భాషలో చేశారు?
5. జవాబు రాని ఫిర్యాదుల్లో ఎన్నింటిని మూసేసినట్టు చూపించారు?
6. తృప్తిగా లేమన్న వాళ్ల ఫిర్యాదుల మీద ఆ తర్వాత ఏం చేశారు?

పేర్లు అడగొద్దు. అంకెలు మాత్రమే అడగండి. "ఆ వివరాలు మా దగ్గర లేవు" అని వస్తే నిరుత్సాహపడొద్దు. అదే పెద్ద జవాబు. వాళ్లు చెప్పే శాతాలకి కింద భాగించే సంఖ్య లేదని వాళ్లే సంతకం పెట్టి ఇచ్చినట్టు. ఆ కాగితం మనకి కావాలి.

కాల్ సెంటర్లలో పనిచేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ దగ్గర పిలుపులు ఎలా పంపుతారో, స్కోరు ఎలా కడతారో నాకు రాయండి. సంస్థ పేరు రాయొద్దు, మీ పేరు నేను ఎక్కడా వాడను. వచ్చేవారం మీ జీతం స్లిప్పులో ఈ స్కోరు ఎక్కడ కూర్చుందో మాట్లాడుకుందాం.

అప్పటిదాకా ఎవరైనా మీ ముందుకొచ్చి ఇంత శాతం మంది సంతృప్తిగా ఉన్నారని చెప్తే ఒక్క ప్రశ్న వేయండి. ఎంతమందిని అడిగారు సార్?

జై భీమ్.